వెనకొచ్చిన ఆల్చిప్పదే సరస్సు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. అమెరికా, కెనడాల నడుమనున్న మహా సరస్సుల్లో అదే జరిగింది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మస్సెల్ కనిపించింది. ఒంటిమీద చారలున్న చిన్న ఆల్చిప్ప అది. మరుసటి ఏడాది ఈరీ సరస్సులో దాని దాయాది క్వాగా దొరికింది. అది వేరే జాతి అని తేలేసరికి 1991 వచ్చింది. రెండింటి పుట్టిల్లూ నల్లసముద్రం, కాస్పియన్ పరిసరాలే. బరువు కోసం ఓడలు అడుగున నింపుకొనే నీళ్లలో రెండూ సముద్రం దాటాయి.

వ్యాపించడంలో జీబ్రాదే పైచేయి. ఆడది ఏడాదికి పది లక్షల దాకా గుడ్లు వదలగలదు. కంటికి ఆనని పిల్లలు వారాల తరబడి నీటివాలున కొట్టుకుపోతాయి. ఎదిగాక సన్నని గట్టి పోగులతో పడవ అడుగునో, నీటిమొక్కలనో పట్టుకుంటాయి. ఆ పడవను ట్రైలర్ మీద మరో సరస్సుకు తీసుకెళ్తే అవీ వెళ్తాయి. చిన్న సరస్సులకు క్వాగా కన్నా జీబ్రా ముందు చేరింది ఇలాగే.

చేరడం వేరు, నిలవడం వేరు. జీబ్రాకు రాయో, కొయ్యో, గట్టి ఆధారం కావాలి. క్వాగాకు మెత్తటి బురదైనా చాలు. వంద మీటర్లకు మించిన లోతులో, చలినీళ్లలో కూడా అది పిల్లల్ని కంటుంది. అసలు కిటుకు పొదుపులో ఉంది. క్వాగా ఊపిరికీ, చిప్పకీ తక్కువ శక్తి ఖర్చుపెడుతుంది కాబట్టి కొద్దిపాటి తిండితోనే పెరుగుతుంది. ఒక్కో ఆల్చిప్ప రోజుకు సుమారు లీటరు నీటిని వడగట్టి అందులోని సూక్ష్మ నాచును తినేస్తుంది. కోట్ల ఆల్చిప్పలు అదే పనిలో ఉంటే తిండి కరువవుతుంది. ఆ కరువులో జీబ్రా చిక్కిపోతుంది, క్వాగా తట్టుకుంటుంది. అంటే తనకు అనువైన కరువును క్వాగా తానే తెచ్చుకుంటోంది. ఈ పోటీలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. మిషిగన్ సరస్సులో 1997లో కనిపించిన క్వాగా 2005 నాటికే జీబ్రాను పక్కకు నెట్టేసింది. వడి ఎక్కువున్న నీళ్లలో మాత్రం పట్టు బలంగా ఉన్న జీబ్రా ఇంకా నిలదొక్కుకుంటోంది.

ఆల్చిప్పల వడపోతతో సరస్సు తేటపడిందని మురవడానికి లేదు. ఆ తేటదనం చేపలకు ఆకలి. డైపొరియా అనే చిన్న జీవి చాలాచోట్ల దాదాపు కనుమరుగైంది, దాన్ని తిని బతికే వైట్‌ఫిష్ బక్కచిక్కింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఈ ఆల్చిప్పల కుటుంబానికే చెందిన మైటిలోప్సిస్, అమెరికా ఉష్ణమండల తీరాలకు చెందినది, 1967లోనే విశాఖ రేవులో బయటపడింది.

పెద్ద సరస్సులో పాతుకుపోయిన క్వాగాను పూర్తిగా తొలగించే మార్గం నేటికీ లేదు. ఓడల నీటిని శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. పడవలున్నవాళ్లు కూడా ఒక నీటిలోంచి మరో నీటిలోకి దించేముందు వాటిని కడిగి, లోపలి నీళ్లు వంపేసి, బాగా ఎండబెట్టాలి.