వాల్వుకూ స్పీకరుకూ నడుమ

వాల్వు ఆంప్లిఫయరు దగ్గర చేరినవాళ్ల కళ్లన్నీ ఎర్రగా వెలిగే గాజు గొట్టాల మీదే. వెనక నల్లడబ్బాలో ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వంక చూసేవాళ్లు తక్కువ. ఆంప్లిఫయరు బరువులోనూ ఖరీదులోనూ పెద్ద వాటా దానిదే. నన్నడిగితే, ధ్వని నాణ్యతలో కూడా.

1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ కొత్తరకం స్పీకరును లోకానికి చూపించారు. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదులుతుంది, దానికి అంటించిన కాగితపు శంకువు గాలిని కదుపుతుంది. చుట్ట తేలిగ్గా ఉండాలి కనక తీగ కొద్దిగానే పడుతుంది. అందుకే ఆ జాతి స్పీకర్ల ఇంపెడెన్స్, అంటే కరెంటుకు చూపే అడ్డు, మామూలుగా 4, 8, 16 ఓమ్‌లు. వాటికి కరెంటు ఎక్కువ కావాలి, వోల్టేజి కొద్దిగా చాలు. వాల్వుది సరిగ్గా దీనికి ఎదురు: వోల్టులు వందల్లో, కరెంటు మిల్లీ ఆంపియర్లలో. రెంటినీ నేరుగా కలిపితే శబ్దం పీలగా వస్తుంది.

ఈ పేచీ తీర్చేది ట్రాన్స్‌ఫార్మరు. వాల్వుల వైపు చుట్ట ప్రైమరీ, స్పీకరు వైపుది సెకండరీ. ప్రైమరీలో సెకండరీకి 50 రెట్లు చుట్లుంటే, ఇంపెడెన్స్ 50 వర్గం, అంటే 2,500 రెట్లు మారుతుంది. 4 ఓమ్‌ల స్పీకరు వాల్వులకు 10,000 ఓమ్‌లుగా కనిపిస్తుంది.

లెక్క సులువే, చుట్టడమే కష్టం. మంద్రస్వరాలు నిండుగా రావాలంటే ఇనుమూ చుట్లూ ఎక్కువ కావాలి. చుట్లు పెరిగేకొద్దీ రెండు చుట్టల మధ్య అయస్కాంత బంధం సడలి, తారస్వరాలు జారిపోతాయి. 1947లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో డి.టి.ఎన్. విలియమ్సన్ రాసిన 15 వాట్ల ఆంప్లిఫయరు పేరుపొందింది ఈ చిక్కు విప్పినందుకే. ఆయన 4,400 చుట్ల ప్రైమరీని 10 ముక్కలు చేసి, సెకండరీని 8 ముక్కలుగా వాటి మధ్యమధ్య దూర్చాడు. ఆంప్లిఫయరు తన తప్పులు తానే దిద్దుకునేలా ఫీడ్‌బ్యాకును ట్రాన్స్‌ఫార్మరు వెనకనుంచి తీసుకున్నాడు కనక అంత శ్రద్ధ తప్పలేదు. చవక ట్రాన్స్‌ఫార్మరు పెడితే అదే ఫీడ్‌బ్యాకు ఎదురు తిరిగి, ఆంప్లిఫయరు తనంతట తానే డోలనాలు చేస్తుంది.

1951లో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ ప్రైమరీ మధ్యనుంచి కొసలు తీసి వాల్వుల స్క్రీన్ గ్రిడ్లకు కలిపి, 'అల్ట్రాలీనియర్' అన్నారు. నిజానికి ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ ఆ ఊహకు 1937లోనే పేటెంటు అడిగాడు. జూలియస్ ఫటర్‌మన్ మరో అడుగు వేసి, 1950లలో ట్రాన్స్‌ఫార్మరే లేకుండా ఆంప్లిఫయరు చేశాడు. 16 ఓమ్‌ల స్పీకర్లకు ఆ పద్ధతి బాగుంది. 4 ఓమ్‌లకు దిగేసరికి అంత కరెంటివ్వడం వాల్వుల వల్ల కాదు.

స్పీకరు మీద వేసిన అంకెనూ పూర్తిగా నమ్మడానికి లేదు. 8 ఓమ్‌ల స్పీకరు తన అనునాద స్వరం దగ్గర 30 ఓమ్‌లు దాటడం మామూలే. అయినా 4 ఓమ్‌ల స్పీకరును 4 గుర్తున్న టెర్మినల్‌కే తగిలించాలి. 8కి తగిలిస్తే వాల్వులకు కనిపించే భారం సగానికి సగం మారి, ధ్వని వికృతమవుతుంది. అసలు స్పీకరే లేకుండా వాల్యూమ్ పెంచితే ప్రైమరీలో వోల్టేజి విజృంభించి, చుట్ల మధ్య ఇన్సులేషన్‌ను కాల్చేస్తుంది.