గుర్రం గాయానికి పసుపొక్కటే చాలదు

మేకు దిగితే ధనుర్వాతం ముప్పు
బూజుపట్టిన మక్కలు, పచ్చి జొన్నమేతతో ప్రాణాపాయం
పశువుల మందులన్నీ గుర్రానికి పనికిరావు

ఆర్మూర్: పసుపు పంటకు పేరొందిన ఆర్మూర్ ప్రాంతంలో గాయమైతే ముందుగా చేతికందేది పసుపే. కొడవలి తెగినా, ఎద్దు మెడను కాడి ఒరిసినా నూనెలో కలిపిన పసుపు పూయడం ఇక్కడ తరతరాల అలవాటు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పి బతికే కుటుంబాలూ ఇదే మార్గం అనుసరిస్తుంటాయి. బారాత్‌లో నడుస్తున్న గుర్రం గిట్టలో మేకు దిగితే లాగేసి, రంధ్రంలో ఇంత పసుపు అద్ది, మర్నాటి ఊరేగింపునకు సిద్ధం చేస్తారు. రెండు మూడు రోజుల్లో కుంటు తగ్గుతుంది. గాయం మానిందని యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. అసలు ప్రమాదం ఆ తర్వాతే బయటపడుతుంది.

ఒకప్పుడు జట్కాబండ్లు తిరిగిన పట్టణాల్లో గుర్రం జబ్బులు ఎరిగిన సైసులు, లాడాలు కొట్టే నాల్‌బంద్‌లు ఉండేవారు. ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి, వాటితోపాటే ఆ పనివారూ తగ్గిపోయారు. దేశంలో 2012 పశుగణన నాటికి 6.2 లక్షలున్న గుర్రాలు, పొట్టి గుర్రాల సంఖ్య 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయింది. మిగిలిన కొద్దిపాటి గుర్రాలే పేద కుటుంబాలకు జీవనాధారం. ఒక్క గుర్రం చనిపోతే ఆ ఇంటికి పెళ్లిళ్ల సీజన్ మొత్తం పోయినట్లే.

సంరక్షణ తెలియక గుర్రాలను పోగొట్టుకోవడం దక్షిణాదికి కొత్త కాదు. 13వ శతాబ్దంలో పాండ్య తీరాన్ని చూసిన మార్కోపోలో, విదేశాల నుంచి ఏటా వేలాది గుర్రాలను కొంటున్నా వాటిని సాకే తెలివి, లాడాలు కొట్టే నేర్పు లేక చాలావరకు చనిపోతున్నాయని రాశాడు. గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెడుతున్నారని ఆశ్చర్యపోయాడు.

ధనుర్వాతం: మానిన గాయంలోనే మృత్యువు

పెంపుడు జంతువుల్లో ధనుర్వాతానికి అందరికంటే తేలికగా లోనయ్యేది గుర్రమే. ఈ వ్యాధి కారక సూక్ష్మజీవి మట్టిలోనూ, గుర్రపు పేడలోనూ ఉంటుంది. గాలి సోకని చోటే అది పెరుగుతుంది. మేకు చేసిన గాయం పైకి చిన్నది, లోపలికి లోతు. పైన రంధ్రం మూసుకుపోగానే లోపల గాలి ఆడదు. సూక్ష్మజీవికి కావలసింది అదే. పసుపుకు వాపును తగ్గించే గుణం, కొన్ని సూక్ష్మజీవులను అణచే గుణం ఉన్న మాట నిజం. ఆవుల పొదుగువాపునకు కలబంద, పసుపు, సున్నం కలిపిన లేపనాన్ని జాతీయ పాడి అభివృద్ధి మండలి కూడా ప్రోత్సహిస్తోంది. కానీ పైన అద్దిన పసుపు గిట్ట లోతుకు చేరదు. అప్పటికే రక్తంలోకి, నరాల్లోకి చేరిన విషాన్ని విరిచే శక్తి దానికి లేదు.

సాధారణంగా గాయమైన వారం నుంచి మూడు వారాల లోపు లక్షణాలు కనిపిస్తాయి. నడక బిగుసుకుపోతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి. తోక పైకి లేచి కొయ్యలా ఉంటుంది. కంటి మూలనుంచి తెల్లని పొర కనుగుడ్డు మీదికి జారుతుంది. దవడలు బిగిసి మేత నమలలేదు. చిన్న శబ్దానికీ ఉలిక్కిపడి వణుకుతుంది. ఈ దశకు వచ్చాక బతికించడం చాలా కష్టం.

నివారణ మాత్రం సులువు. ధనుర్వాతం టీకాను నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో రెండు మోతాదులు వేయించి, ఆపై ఏటా ఒకసారి వేయిస్తే రక్షణ ఉంటుంది. టీకా వేయించని గుర్రానికి గాయమైతే అదేరోజు వైద్యుడికి చూపించి విషహరి సూదిమందు ఇప్పించాలి. మేకు ఎక్కడ, ఎంత లోతున, ఏ వాలుగా దిగిందో గుర్తుపెట్టుకుని చెబితే వైద్యుడి పని తేలికవుతుంది. చెడు రసం బయటికి పోయేలా ఆయన రంధ్రాన్ని వెడల్పు చేసి శుభ్రపరుస్తారు. ఆ కట్టు విప్పి ఇంట్లో పసుపు కూరడం తగదు.

కడుపునొప్పికి తాగుడు మందు వద్దు

గుర్రాల ప్రాణాలు తీసే మరో ముఖ్య కారణం కడుపునొప్పి. గుర్రం శరీరం పెద్దదైనా దాని జీర్ణాశయంలో 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. ఆవులా నెమరు వేయదు. లోపల గ్యాస్ పెరిగినా, పేగు మెలిపడినా బయటికి పోయే దారి ఉండదు. పెళ్లివారు ప్రేమకొద్దీ పెట్టే అన్నం, లడ్డూలు, బెల్లం ఒక్కసారిగా తింటే కడుపు ఉబ్బడమే కాదు, రెండు మూడు రోజుల్లో గిట్టల లోపలి పొరలు వాచి గుర్రం నిలబడలేని స్థితి వస్తుంది.

మాటిమాటికీ డొక్క వైపు చూడడం, ముందుకాలితో నేలను తవ్వడం, పడుకుని దొర్లడం, ఒళ్లంతా చెమట పట్టడం, పేడ వేయకపోవడం దీని గుర్తులు. వెంటనే మేత తీసేసి, నెమ్మదిగా నడిపిస్తూ వైద్యుడిని పిలవాలి. వెదురు గొట్టంతోనో, సీసాతోనో నూనె, కషాయం తాగించడం మానాలి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. వైద్యులు ముక్కు గుండా జీర్ణాశయంలోకి గొట్టం వేసి గ్యాస్‌ను, ద్రవాన్ని బయటికి తీస్తారు. అవసరమైన మందును అదే దారిలో పంపుతారు.

పొలంలో దొరికే మేతతో జాగ్రత్త

ఈ ప్రాంతంలో పసుపులో అంతరపంటగా మొక్కజొన్న వేయడం మామూలే. కల్లంలో తడిసి బూజుపట్టిన మక్కలను అమ్మకానికి పనికిరావని పశువుల ముందు వేస్తుంటారు. ఎద్దు ఒకవేళ తట్టుకున్నా గుర్రం తట్టుకోలేదు. ఒకరకం బూజు తయారుచేసే విషం గుర్రం మెదడును కరిగించేస్తుంది. తలను గోడకు ఆనించడం, చూపు మందగించడం, తూలడం వంటి లక్షణాలు కనిపించిన తర్వాత గంటల్లోనే గుర్రం చనిపోవచ్చు. దీనికి చికిత్స లేదు.

ఆర్మూర్ పరిసరాల్లో విత్తనం కోసం ఎర్రజొన్న విస్తారంగా పండిస్తారు. లేత పచ్చిజొన్న పశువులకు విషమన్నది రైతులకు తెలిసిందే. గుర్రం విషయంలో మరో చిక్కు ఉంది. పచ్చిజొన్నను చాలా రోజులు మేస్తే మూత్రాశయం వాచి, మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంది. వెనుక కాళ్లు పట్టు తప్పుతాయి. శుభ్రమైన ఎండుగడ్డి, కొద్దిపాటి నానబెట్టిన ఉలవలు, ఉప్పు, రోజుకు 25 నుంచి 40 లీటర్ల మంచినీరు గుర్రానికి క్షేమం. దాణాను ఒకేసారి కాక రెండు మూడు పూటలుగా పెట్టాలి. దాణా మార్చాలంటే వారం పది రోజులు కొద్దికొద్దిగా మార్చాలి.

కోళ్ల దాణా గుర్రానికి విషం

కోళ్లలో రక్తపారుడు నివారణకు దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండె కండరాలను దెబ్బతీస్తుంది. కోడికి మేలు చేసే మందు చాలా కొద్ది మోతాదులోనే గుర్రానికి ప్రాణాంతకం. కొన్ని రకాల పశువుల దాణాలోనూ దీన్ని కలుపుతారు కాబట్టి, సంచిపై ముద్రించిన వివరాలు చదవకుండా గుర్రానికి పెట్టరాదు. ఆవులు, గేదెల గోమార్లకు చల్లే అమిట్రాజ్ మందు గుర్రానికి తగిలితే పేగుల కదలిక నిలిచిపోతుంది. ఎద్దుకు వాడగా మిగిలిన మందును గుర్రానికి వాడే అలవాటు ఎంతమాత్రం మంచిది కాదు.

గిట్ట, పళ్లు

గిట్ట గోరులా పెరుగుతూనే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరించి, లాడాలు మార్చాలి. తారురోడ్డుపై అరిగిన లాడంతో నడిపిస్తే కీళ్లు దెబ్బతింటాయి. పనికి ముందు, తర్వాత గిట్ట అడుగున చేరిన మట్టి, రాళ్లు తీసివేయాలి. అడుగున నల్లని రసి, దుర్వాసన ఉంటే లాయంలో తేమ ఎక్కువైందని అర్థం. పళ్లు కూడా జీవితమంతా పైకి వస్తూ అరుగుతుంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తాయి. నములుతూ మేతను కింద పడేస్తున్నా, పేడలో గింజలు గింజలుగానే వస్తున్నా పళ్లు పరీక్ష చేయించాలి.

గ్లాండర్స్: దాచితే ఇంటిల్లిపాదికీ ముప్పు

గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలకు సోకే గ్లాండర్స్ మనుషులకూ వస్తుంది. ముక్కు లోపల పుండ్లు, చిక్కని చీమిడి, చర్మంపై వరుసగా గడ్డలు లేచి పగలడం దీని లక్షణాలు. టీకా లేదు. వ్యాధి ఉన్నట్లు రక్తపరీక్షలో తేలిన గుర్రాన్ని చట్టప్రకారం నొప్పి లేకుండా చంపి పూడ్చివేస్తారు. ఈ భయంతోనే కొందరు జబ్బును దాచుతారు. కానీ గుర్రానికి నీరు పట్టే పిల్లవాడికి, ఒళ్లు తోమే మనిషికి అదే చీమిడి తగులుతుంది. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం వ్యాధిని అధికారులకు తెలపడం యజమాని బాధ్యత. గ్లాండర్స్ నిర్ధారణలో హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దేశానికి ఆధారంగా నిలుస్తోంది.

మధ్యాహ్నం పనికి చట్టమే అడ్డు

వేసవిలో జిల్లాలో ఎండలు 45 డిగ్రీల వరకు చేరుతుంటాయి. బండిలాగే, బరువు మోసే జంతువులపై 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, 37 డిగ్రీలు మించే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు వాటితో పని చేయించరాదు. రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించడమూ నిషిద్ధమే. వీపుపై వేసే బరువు పొట్టి గుర్రానికి 70 కిలోలు, గాడిదకు 50 కిలోలు దాటకూడదు. ముళ్లున్న కళ్లెం వాడడం నేరం. ఊరేగింపులో బాణసంచాను, పెద్ద శబ్దపు పెట్టెలను గుర్రానికి దూరంగా ఉంచితే గుర్రంతోపాటు పెళ్లికొడుకూ క్షేమంగా ఉంటాడు.

ఎవరిని సంప్రదించాలి?

మొదట స్థానిక ప్రభుత్వ పశువైద్యశాలకు చూపించాలి. రాష్ట్రంలో 2017లో ప్రారంభమైన సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉంది. పెద్ద చికిత్స అవసరమైతే ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి మీదుగా వెళ్లే దారిలోని కోరుట్ల పశువైద్య కళాశాలను, హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కళాశాలను సంప్రదించవచ్చు.

వైద్యుడికి ఫోన్ చేసేముందు మూడు సంగతులు చూసుకుంటే మేలు. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. శ్వాస 8 నుంచి 16 సార్లు ఉంటుంది. ఒంటి వేడి 99.5 నుంచి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. నాడి 60 దాటితే తెల్లవారేదాకా ఆగరాదు. చివరిగా టీకా ఎప్పుడు వేయించారో ఒక చీటీపై రాసి లాయంలో ఉంచుకోవాలి. మేకు దిగిన రోజున వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న అదే.