నీటిమట్టమును చెవితో వినుట

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసినది. 2025 సెప్టెంబరు చివరను జంట జలాశయముల గేట్లు ఎత్తగా చాదర్‌ఘాట్ దిగువ వంతెనపై రాకపోకలు ఆపవలసి వచ్చినది. నీరు ఎక్కినకొలది స్వరము హెచ్చు యంత్రమునొకదానిని బడిలో చేసి చూడవచ్చును. వంతెనకు బదులు బల్ల, నదికి బదులు తొట్టి చాలును.

బల్ల అంచున ఒక గ్రాహకము మన చెవికి వినరాని ధ్వనిని క్రిందికి పంపి, ప్రతిధ్వనికై కాచుకొనును. ధ్వనివేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. కావున నీరు 5 మీటర్ల దిగువనున్నచో ప్రతిధ్వని 29 మిల్లీసెకన్లలో వచ్చును. ఆర్డ్యునో అను చిన్న పలక ఈ కాలమును సెంటీమీటర్లుగా మార్చి కంప్యూటరుకు పంపును.

అచ్చట ప్యూర్ డేటా అను సాధనము కలదు. మిల్లర్ పకెట్ దీనిని 1996లో వెలువరించెను. ఇందు ఆజ్ఞలు వ్రాయుటకు మారుగా తెరపై పెట్టెలను గీతలతో కలుపుదురు. కామ్‌పోర్ట్ అను అనుబంధపు పెట్టె సీరియల్ ద్వారము నుండి సంఖ్యల నందుకొనును. ఇరువైపుల వేగమొకటే కావలెను. 9600 బిట్ల వేగమున ఒక్కొక్క బైటుకు ఆద్యంతములతో కూడ 10 బిట్లు పట్టును. అనగా సెకనుకు 960 బైట్లు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. బైటు 255కు మించి చెప్పజాలదు. 500 అను సంఖ్యను 1, 244 అని రెండు బైట్లుగా పంపవలెను (256 + 244). మధ్యనుండి వినుట మొదలిడినచో 244, 1 అని జతపడి 62,465 అగును. అనగా నీరు 624 మీటర్ల లోతుననున్నదట! చార్మినారు ఎత్తునకు పది రెట్ల పైమాట. కనుక అంకెలను అక్షరములుగా పంపి, చివర పంక్తి ముగింపు గుర్తుగా 10 అను బైటు నుంచుట మేలు. అది వచ్చువరకు కూడబెట్టి, పిదప చదువవలెను.

యు.ఎస్.బి. తీరు వేరు. ఉపాధ్యాయుడు హాజరు పిలిచినట్లు కంప్యూటరు అడిగిననే పరికరము పలుకును. ఆటల జాయ్‌స్టిక్ తన మీటలెన్నియో తానే ముందుగా తెలుపుకొనును. దానికి హిడ్ అను వేరొక పెట్టె కలదు. ఆర్డ్యునో మాత్రము యు.ఎస్.బి. తీగపై వచ్చినను సీరియల్ ద్వారముగనే కనబడును.

తీగ ఊడినచో స్వరము ఆగదు! కడపటి సంఖ్యయే నిలిచియుండి, వరద పెరుగుచున్నను నిశ్చలముగా మ్రోగుచుండును. అందుచే ప్రతి సంఖ్యయు ఒక డిలే పెట్టెను మరల 2 సెకన్లకు త్రిప్పునట్లు కలుపవలెను. 2 సెకన్లు ఏమియు రానిచో ఆ పెట్టె వేరొక గంటను మ్రోగించును.