దేశమునకు పైనున్న చట్టము, గృహస్థుని ఒడంబడిక

అంగడిలో వస్తువు కొనుట, ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుట, ఇవన్నియు ఇరుపక్షముల నడుమ జరుగు సొంత వ్యవహారములు. వీనికి సంబంధించిన న్యాయమును ప్రతి దేశమును తన సంప్రదాయము ననుసరించి తానే కూర్చుకొనినది. 1804 నాటి ఫ్రెంచి సివిల్ స్మృతి, 1900లో అమలులోనికి వచ్చిన జర్మను స్మృతి ఆ జాతులకు గర్వకారణములు. ఇట్టి స్మృతులలోని మాటలను సరిహద్దున కావల, లక్సెంబర్గు నగరమున కూర్చున్న న్యాయమూర్తులు మార్పింపగలరా? మార్పింపగలుగుచున్నారు. అది ఎట్లు సాధ్యమగుచున్నదో, ఎచ్చట చిక్కుపడుచున్నదో కొంచెము విచారింతము.

నేడు 27 దేశములు సభ్యులుగా గల యూరోపియన్ యూనియన్‌కు మూలము 1957లో ఆరు దేశములు చేసికొనిన రోము సంధి. సంధి యనగా ప్రభుత్వముల నడుమ ఒప్పందము. దానితో సామాన్య పౌరునికి పని యేమని అప్పుడు పలువురు తలంచిరి. 1963లో ఒక డచ్చి రవాణా సంస్థ వ్యాజ్యములో, ఆ సంధి పౌరులకును హక్కుల నిచ్చుననియు, వానిని తమ దేశపు కోర్టులలోనే అడుగవచ్చుననియు లక్సెంబర్గు న్యాయస్థానము నిర్ణయించెను. మరుసటి యేట, సంధి వలన పుట్టిన చట్టమునకును దేశ చట్టమునకును వైరుధ్యము కలిగినచో మొదటిదే చెల్లునని ఇటలీ వ్యాజ్యమొకదానిలో తీర్పు చెప్పెను. ఈ రెండవ వ్యాజ్యమునకు కారణము 1,925 లీరాల కరెంటు బిల్లు! మహాసూత్రములు చిల్లర పద్దులనుండి పుట్టుట న్యాయశాస్త్ర చరిత్రలో క్రొత్త గాదు.

మన రాజ్యాంగమున ఒడంబడికలు ఉమ్మడి జాబితాలోనివి. పార్లమెంటు చట్టమును రాష్ట్ర చట్టమును విరోధించినప్పుడు సామాన్యముగా పార్లమెంటు చట్టమే నిలుచును. పోలిక ఇంతవరకే సరి. యూనియన్ ఒక దేశము కాదు. దానికి ఊరూర కోర్టులు లేవు, జప్తు చేయు అమీనాలు లేరు. అది పలికిన మాటను దేశములోని న్యాయమూర్తియే నడిపింపవలెను.

వినియోగదారుల రక్షణకై యూనియన్ విశేషముగా వాడిన సాధనము నిర్దేశము. ఇది పొందవలసిన ఫలితమును చెప్పి, ఏ చట్టముతో, ఏ మాటలతో దానిని సాధింపవలెనో సభ్యదేశమునకు విడిచిపెట్టును. గడువు మాత్రము విధించును. గడువు దాటినను దేశము చట్టము చేయకున్న నేమగును?

1989 జనవరిలో మిలాన్ ప్రధాన రైల్వే స్టేషనున ఒక యువతిచేత, ఉత్తరముల ద్వారా ఇంగ్లీషు నేర్పు పాఠములకై ఒడంబడికపై సంతకము చేయించిరి. కొన్ని దినములకు ఆమె రిజిస్టర్డు లేఖ వ్రాసి దానిని రద్దు చేసికొనెను. దుకాణమునకు వెలుపల చేసిన ఇట్టి ఒడంబడికలను కనీసము ఏడు దినములలోపల విడిచిపెట్టు హక్కు కొనుగోలుదారునకు ఉండవలెనని 1985 నాటి నిర్దేశము. ఇటలీకి ఇచ్చిన గడువు 1987 డిసెంబరుతో తీరినది. ఆ ప్రభుత్వము చట్టము చేసినది 1992లో. సంస్థవారు సొమ్ముకై కోర్టు కెక్కిరి. నిర్దేశము రాజ్యమును బంధించును గాని, ఒక ప్రైవేటు వ్యక్తి మరియొక ప్రైవేటు వ్యక్తిపై దానిని నేరుగా ప్రయోగింపజాలడని 1994లో లక్సెంబర్గు తీర్పు. న్యాయమూర్తి ఉన్న చట్టమునే వీలైనంతవరకు నిర్దేశమున కనుగుణముగా అన్వయింపవలెను. అదియు వీలుకానిచో ఆమె తన ప్రభుత్వమునుండి నష్టపరిహారము కోరవచ్చును. తర్కమున కిది సరిపోయినదే. కాని కొద్దిపాటి పాఠముల రుసుముకై ప్రభుత్వముపై దావా వేయువా రెందరు?

అన్వయమునకు గల బలము జర్మనీలో తెలియవచ్చినది. 2002లో కొన్న వంటపొయ్యి లోపలి పూత ఊడిపోగా, అమ్మిన సంస్థ క్రొత్త పొయ్యి నిచ్చి, పాతదానిని ఇంతకాలము వాడినందులకు దాదాపు 70 యూరోలు రాబట్టెను. స్మృతిలోని మాటలు సంస్థకే అనుకూలము. అట్లు వసూలు చేయరాదని 2008లో లక్సెంబర్గు చెప్పగా, జర్మను సర్వోన్నత న్యాయస్థానము ఆ మాటల వ్యాప్తిని కుదించి చదివెను. పార్లమెంటు పిదప పాఠమునే సవరించెను.

వీని నన్నిటిని మించి గృహస్థుని గుండెను తాకినది స్పెయిన్ తనఖాల వ్యాజ్యము. 2007లో ఒక కార్మికుడు ఇంటిపై 138,000 యూరోలు అప్పు తెచ్చెను. వాయిదా తప్పినచో 18.75 శాతము వడ్డీ. ఒక్క వాయిదాలో కొంత నిలిచినను అప్పంతయు ఒకేసారి అడుగు హక్కు బ్యాంకుది. బాకీ యెంతో లెక్కకట్టునదియు బ్యాంకే. 2008లో చెల్లింపులు ఆగినవి. వేలములో పాట పాడువారు లేకపోగా, ఇల్లు మదింపు విలువలో సగమునకే బ్యాంకు పరమయ్యెను. 2011 జనవరిలో అతనిని ఖాళీ చేయించిరి.

1993 నాటి నిర్దేశము ప్రకారము, బేరమాడు అవకాశ మీయక ముందే అచ్చువేసి పెట్టిన షరతు, సద్భావమునకు విరుద్ధమై, వినియోగదారునకు మిక్కిలి ప్రతికూలమైనచో అతనిని బంధింపదు. అయినను స్పెయిన్ విచారణవిధానములో, వేలము నడుచుచున్న కోర్టులో "ఈ షరతు అన్యాయము" అని వాదించుటకు వీలులేదు. వేరు దావా వేసికొనవచ్చును గాని, ఆ దావా వేలమును ఆపజాలదు. గెలిచిననాటికి చేతికి వచ్చునది పరిహారపు సొమ్మే, ఇల్లు కాదు. బార్సిలోనా న్యాయమూర్తి ఈ సంగతిని లక్సెంబర్గునకు నివేదించెను. కుటుంబము తలదాచుకొను ఇల్లే పోవునప్పుడు వట్టి పరిహారము చాలదనియు, దావా వినుచున్న న్యాయమూర్తికి అమలును నిలుపు అధికార ముండవలెననియు 2013 మార్చిలో తీర్పు వచ్చెను. షరతులు అన్యాయమైనవా కావా యని మాత్రము లక్సెంబర్గు తేల్చలేదు. కొలబద్ద నిచ్చి, కొలుచు పనిని బార్సిలోనాకే విడిచెను. ఆ సంయమమే ఈ పద్ధతికి ప్రాణమని నా అభిప్రాయము.

రెండు నెలలలో స్పెయిన్ క్రొత్త చట్టము చేసెను. అన్యాయపు షరతు వేలమునకు అభ్యంతర మాయెను. అప్పంతయు ఒకేసారి అడుగుటకు మూడు నెలల వాయిదాలైనను తప్పి యుండవలెను. నివాసగృహపు తనఖాలపై ఆలస్యపు వడ్డీకి హద్దు ఏర్పడెను. ఇంతతో తీరలేదు. అభ్యంతరము నెగ్గి వేలము ఆగినప్పుడు బ్యాంకుకు అప్పీలు కలదు, అభ్యంతరము వీగిపోయినప్పుడు ఋణగ్రస్తునికి లేదు. ఈ అసమానతయు నిర్దేశమునకు విరుద్ధమేయని 2014 జూలైలో లక్సెంబర్గు చెప్పెను. సెప్టెంబరులో స్పెయిన్ ఆ లోపమును గూడ సవరించెను.