ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికితే

వంటింట్లో పాలు పొంగితే ఏం చెయ్యాలో మనకెవరూ చెప్పనక్కరలేదు. ముందు స్టవ్ కట్టేస్తాం, ఆ తరువాతే గుడ్డ అందుకుంటాం. అదే ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికిందనుకోండి, ఎంత నేర్పరి ఇల్లాలైనా ముందు గుడ్డ కోసమే పరుగెత్తుతుంది. కిందటేడు మా ఇంట్లో జరిగిందీ అదే.

మా అమ్మాయి పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం రాసుకుంటోంది. మోచెయ్యి తగిలి అరగ్లాసు కాఫీ మీటల మీద పడింది. నేను తుడిచాను, తను ఊదింది. అంతసేపూ చార్జరు తగిలించే ఉంది! తరువాత ఆపి, అరగంట ఆగి, "ఒక్కసారి చూద్దామమ్మా" అని మళ్ళీ వేసింది. వెలిగింది. అమ్మయ్య అనుకున్నాం. రెండు నిమిషాలకు ఆరిపోయింది, మరి వెలగలేదు.

ఎందుకంటారా? స్వచ్ఛమైన నీటిలో కరెంటు అంతగా పారదు. కాని మన కుళాయి నీళ్ళలో, కాఫీలో, మజ్జిగలో లవణాలుంటాయి, వాటిగుండా పారుతుంది. ల్యాప్‌టాప్ లోపలి బోర్డు మీద సన్నసన్నని రాగి దారులుంటాయి. తడి తగిలి రెండు దారులు కలిశాయంటే, కరెంటు పోకూడని చోటికి పోయి చిన్న భాగాలను కాల్చేస్తుంది. కాల్చకపోయినా, తడీ కరెంటూ కలిసి ఉన్నంతసేపూ రాగిని తినేస్తుంది. ఇత్తడి బిందెకు చిలుము పట్టడానికి నెలలు పట్టవచ్చు, ఇక్కడ గంటలు చాలు.

కనుక గోడ దగ్గర స్విచ్ కట్టేసి, పొడి చేతులతో చార్జరు లాగెయ్యండి. పవర్ బటన్ పది సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. రాస్తున్నది భద్రం చేసుకుని ఆపుదామని ఆగకండి. మౌసు, పెన్‌డ్రైవ్ తీసెయ్యండి. మూత వీలైనంత తెరిచి, పూరింటి కప్పులాగా తువ్వాలు మీద బోర్లించండి. ఒలికినది వచ్చిన దారినే కిందికి దిగుతుంది. ఊపారంటే ఇంకో మూలకు పాకుతుంది. పొగ వచ్చినా, బాగా వేడెక్కినా, బ్యాటరీ ఉబ్బినా మాత్రం ముట్టుకోకండి, దూరంగా జరగండి.

బియ్యం డబ్బాలో పెట్టమని పక్కింటివారు తప్పక చెప్తారు. బియ్యం లోపలి తడిని లాగలేవు సరికదా, తవుడూ నూకా సందుల్లో చేరతాయి. తన ఫోన్లను బియ్యంలో పెట్టవద్దని 2024లో యాపిల్ కంపెనీ కూడా చెప్పింది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం వద్దు, మన మే నెల ఎండ అసలే వద్దు. బ్యాటరీకి వేడి పడదు. ఫ్యాను గాలి చాలు.

ఇక ఒలికిందేమిటన్నది ముఖ్యం. ఉత్త నీళ్ళయితే ఆరిపోతాయి, రెండు రోజులైనా ఓపిక పట్టాలి. పాలూ పంచదారా పడ్డ కాఫీ ఆరినా దాని జిగురు ఆరదు. చారు, మజ్జిగ అయితే పులుపూ ఉప్పూ కూడాను! మర్నాడు చక్కగా పనిచేసినా, వానాకాలంలో ఆ పంచదార చెమ్మ పీల్చి నెల తరువాత దెబ్బ తీయవచ్చు. అందుకే విప్పించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి. కొత్త వాటిలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, ఆపినా దాని కరెంటు అక్కడే ఉంటుంది. కనుక ఎంత త్వరగా విప్పిస్తే అంత మేలు.

బాగుచేసే అతనితో నిజం చెప్పండి. "దానంతట అదే ఆగిపోయిందండీ" అంటే సాగదు. చాలావాటిలో తడి తగిలితే ఎర్రబడే తెల్లని చిన్న చీటీలుంటాయి. సాధారణంగా వారంటీ ఇలాంటి వాటికి వర్తించదు. ప్రమాదాలకు విడిగా పథకం కొనుక్కుని ఉంటే వేరే మాట.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో మన రాతలు దాచుకునే భాగం ఊడదీసి మరో దానికి పెట్టవచ్చు. మా అమ్మాయిదాంట్లో అది బోర్డుకే అతికించి ఉంది. అయిదు అధ్యాయాలలో మూడు అంతకుముందే గైడుగారికి మెయిల్‌లో పంపింది కాబట్టి తిరిగి వచ్చాయి. మిగిలిన రెండూ మళ్ళీ కూర్చుని రాసింది, నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఏ పూట రాసింది ఆ పూటే తనకు తానే మెయిల్ చేసుకుంటోంది. కాఫీ మాత్రం వంటింట్లోనే, నిలబడి తాగుతుంది.