వార్తల్లో పదం: ఆల్డోస్టెరాన్

బీపీ ఉన్నవారందరికీ ఆల్డోస్టెరాన్ పరీక్ష చేయడం మంచిదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది. మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్ ఇది. 1953లో దీన్ని కనుగొన్నారు.

రక్తపోటు పడిపోతే మూత్రపిండాలు రెనిన్‌ను వదులుతాయి. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగించి, ఆల్డోస్టెరాన్‌ను పెంచుతుంది. అది మూత్రంలో పోవాల్సిన సోడియాన్ని వెనక్కి లాగుతుంది. వెంట నీరూ వచ్చి బీపీ పెరుగుతుంది, పొటాషియం బయటికి పోతుంది. ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు ఈ హార్మోన్ తగ్గాలి. కొందరిలో తగ్గదు. వారికి ఉప్పు మరీ చేటు.

కొల్లేటి లంకల్లో ఉప్పు పట్టించిన ఎండుచేపలైనా, ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో ఆవకాయైనా నిలవుండేది ఉప్పుతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దలకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే టీస్పూనుకు తక్కువే. ఎండుచేపలను నానబెట్టి కడిగి, పులుసులో మళ్లీ ఉప్పు వేయకపోతే కొంత మేలు.

మూడు రకాల మందులు వాడినా బీపీ దిగకపోతే, పొటాషియం తగ్గితే ఆల్డోస్టెరాన్ పరీక్ష మరీ ముఖ్యం. రక్తంలో ఆల్డోస్టెరాన్‌తో పాటు రెనిన్‌నూ కొలుస్తారు. ఈ హార్మోన్ అతిగా తయారవుతున్నది ఒక అడ్రినల్ గ్రంథిలోనే అయితే శస్త్రచికిత్స చేయొచ్చు; రెండింటిలో అయితే స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలు ఇస్తారు.