వెనక చక్రం: 12 కిలోల లెక్క

2025 సెప్టెంబరు 22 రాత్రి మొదలై 23 తెల్లవారేదాకా కురిసిన వానకు కోల్‌కతా మునిగింది. అలీపూర్ వాతావరణ కేంద్రం లెక్క 24 గంటల్లోపు 251.4 మి.మీ. గరియా వైపు కామ్‌డహరిలో 332 మి.మీ. పడింది. 1986 తర్వాత ఒక్క రోజులో నగరం అంత వాన చూడలేదు. పదిమంది దాకా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది నీళ్లలో కరెంటు షాక్ కొట్టి. ఆ విషాదం పక్కన స్కూటర్ల గోడు చిన్నదే. అయినా ఇంటి ముందు నిలిపిన స్కూటరు వెనక డ్రమ్ములోకి బురద చేరింది కాబట్టి, చక్రం విప్పి కడిగి మళ్లీ బిగించే పని ఆ వారం చాలా ఇళ్లలో పడింది. బెంగాల్లో మనుషులు యంత్రాలను కడిగి బొట్టు పెట్టే విశ్వకర్మ పూజ సెప్టెంబరు 17న అయింది. మనకు దసరా ఆయుధ పూజ ఎలాగో వాళ్లకు అది అలాగ. పూజ అందుకున్న బండ్లు ఆరో రోజునే మునిగాయి.

ఎంత నీరు చేరితే డ్రమ్ము మునుగుతుంది? టైరు మీద రాసి ఉన్న అంకెలే జవాబు చెబుతాయి. హోండా యాక్టివా వెనక టైరు 90/100-10. అంటే వెడల్పు 90 మి.మీ., పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 100 శాతం, రిమ్ము 10 అంగుళాలు. పది అంగుళాలంటే 254 మి.మీ., దానికి పైనా కిందా చెరో 90 కలిపితే చక్రం మొత్తం 434 మి.మీ. అందులో సగం 217. నేల నుంచి ఇరుసు ఉండే ఎత్తు అదే. బ్రేకు డ్రమ్ము వ్యాసం 130, సగం 65. 217లో 65 తీసేస్తే 152 మి.మీ. నేల మీద ఆరు అంగుళాల నీరుంటే డ్రమ్ము అడుగు తడుస్తుందన్నమాట. మనిషి కూర్చున్నప్పుడు టైరు నొక్కుకుని ఆ ఆరు కూడా ఉండదు. ఆ రాత్రి పడిన 251 మి.మీ. వాన ఇంకకుండా, పారకుండా చదును నేల మీద నిలిచినా ఇరుసు దాటేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు సీట్ల దాకా మునిగిన స్కూటర్లకైతే ఈ లెక్కతో పని లేదు. అవి నేరుగా షెడ్డుకు పోవాల్సిందే.

విప్పడం తేలిక. బిగించేటప్పుడే పొరపాట్లు జరుగుతాయి. ఎందుకంటే విప్పడానికి బలం చాలు, బిగించడానికి ఆ బలం ఎంతో తెలియాలి.

యాక్టివా తరహా గేర్లు లేని స్కూటర్లలో వెనక చక్రం ఒకే పెద్ద నట్టు మీద నిలబడుతుంది. ఇంజను, గేరు పెట్టె ఎడమ పక్క ఉంటాయి. గేరు పెట్టె నుంచి బయటికి వచ్చిన ఇరుసుకు నిలువునా సన్నటి పళ్లు ఉంటాయి, చక్రం మధ్య రంధ్రంలోనూ అలాంటివే ఉంటాయి. ఒకదానిలో ఒకటి దూరి చక్రాన్ని తిప్పుతాయి. బ్రేకు షూలు గేరు పెట్టె గోడకే అంటిపెట్టుకుని ఉంటాయి, కాబట్టి చక్రం లాగితే డ్రమ్ము దానితో వచ్చేస్తుంది, షూలు అక్కడే ఉండిపోతాయి. కుడి పక్క సైలెన్సరు అడ్డం, అందుకని ముందు అది విప్పాలి. ఇంజను చల్లారాకే సుమా.

ఇప్పుడు ఆ నట్టు సంగతి. హోండా 110 సీసీ తరగతి స్కూటర్ల వర్క్‌షాపు మాన్యువళ్లలో దాని బిగింపు 118 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. మన భాషలో 12 కిలో మీటర్లు. దూరం కొలిచే కిలోమీటరు కాదు. నట్టు మధ్య నుంచి మీటరు పొడవున్న కర్ర చివర 12 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత తిప్పుడు బలం వస్తుందో అంత. కర్ర సగానికి తగ్గితే బరువు రెట్టింపు కావాలి. అరమీటరు పైపుకు 24 కిలోలు. 30 సెంటీమీటర్ల పానాకు 40 కిలోలు. 20 సెంటీమీటర్ల చిన్న పానా అయితే 60 కిలోలు, అంటే ఒక మనిషి పూర్తిగా దాని మీద నిలబడాలి. 'గట్టిగానే బిగించాను' అనే మాటకు అర్థం లేనిది ఇందుకే. చేతిలో ఉన్న పానా పొడవును బట్టి అదే గట్టిదనం సగమూ కావచ్చు, రెట్టింపూ కావచ్చు.

ఈ బలం దేనికి? నట్టు బిగిసినకొద్దీ ఇరుసు మర రబ్బరులా కాస్త సాగి, తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇంజనీర్లకు దీనికో ముతక సూత్రం ఉంది: తిప్పుడు బలాన్ని మర వ్యాసంతోనూ, 0.2 అనే రాపిడి అంకెతోనూ భాగించాలి. 16 మి.మీ. మర అనుకుంటే 118ని 0.016తో, 0.2తో భాగిస్తే దాదాపు 36,900 న్యూటన్లు. అంటే చక్రాన్ని సుమారు 3,760 కిలోల బరువు పక్క నుంచి ఒత్తి పట్టుకుని ఉన్నట్టు. సగమే బిగిస్తే ఆ ఒత్తిడీ సగమే. అప్పుడు ఆక్సిలరేటరు తిప్పినప్పుడల్లా, బ్రేకు పట్టినప్పుడల్లా పళ్లు ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి కదిలి అరుగుతాయి. 434 మి.మీ. చక్రం ఒక చుట్టుకు 1.36 మీటర్లు పోతుంది, కిలోమీటరుకు 733 చుట్లు. పది కిలోమీటర్ల ఆఫీసు దారిలో 7,300 చుట్లు. మొదట చక్రం మధ్యలో ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తుంది, తర్వాత టక్కుమనే చప్పుడు, ఆ తర్వాత చక్రమూ ఇరుసూ రెండూ మార్చాల్సిన ఖర్చు. జూపిటర్, యాక్సెస్ లాంటి వేరే బండ్లకు అంకె వేరుగా ఉండొచ్చు. మీ బండి మాన్యువల్లో ఉన్నదే మీ అంకె.

తిప్పుడు బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉంటే ఇది నిమిషం పని. అది లేని ఇంట్లో కూడా సామాను తూచే కొక్కెం త్రాసు ఉంటుంది, విమానం ఎక్కే ముందు సూట్‌కేసు తగిలించి చూసేది. పానాకు పైపు తొడిగి, నట్టు మధ్య నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టండి. ఆ గీత దగ్గర త్రాసు కొక్కెం తగిలించి 24 కిలోలు చూపించేదాకా లాగండి. కొలవాల్సింది నట్టు మధ్య నుంచి, పైపు మొదలు నుంచి కాదు. లాగే దిశ పైపుకు 90 డిగ్రీల్లో ఉండాలి. 60 డిగ్రీల వాలులో లాగితే త్రాసు 24 చూపించినా నట్టుకు అందేది 12 బదులు 10.4 కిలో మీటర్లు మాత్రమే. ప్రయోగశాల కచ్చితత్వం దీనికి లేదు, అయినా అంచనా కన్నా వెయ్యి రెట్లు మేలు.

స్కూటరు సెంటర్ స్టాండు మీద ఉండగా ఈ ఆఖరి లాగుడు వద్దు, బండి మీద పడుతుంది. స్టాండు మీద నట్టును చేతికి ఆగేదాకా తిప్పి, బండి దించి, ఇంకొకరిని వెనక బ్రేకు గట్టిగా పట్టుకోమని అప్పుడు లాగాలి. ఇరుసు పళ్లకు పల్చగా గ్రీజు, అది కూడా మాన్యువల్ చెబితేనే. మరకు నూనె కూడా అంతే. నూనె రాపిడిని తగ్గిస్తుంది కాబట్టి అదే 118కి ఒత్తిడి బాగా పెరుగుతుంది. నట్టు తనంతట తాను పట్టుకునే రకమైతే కొత్తది వేయడం మంచిది. చేత్తో చివరిదాకా సులువుగా తిరిగిందంటే దాని పట్టు పోయినట్టే. కోల్‌కతాలో మలంగా లేన్‌లోనో మల్లిక్ బజార్‌లోనో దొరుకుతుంది. మల్లిక్ బజార్ పాత సామాన్లకు పేరు మోసిన చోటు, కాబట్టి కొత్త నట్టు అని నొక్కి అడగండి.

చక్రం ఎక్కించే ముందు డ్రమ్ము లోపల ఒకసారి చూడాలి. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం 131 మి.మీ. అని పోతపోసి ఉంటుంది. కొత్తది 130. అంటే జీవితకాలం మొత్తానికి అరిగే హక్కు ఒక్క మిల్లీమీటరే. షూ లైనింగు సాధారణంగా 4 మి.మీ.తో మొదలై 2కు వస్తే మార్చాలి. లోపలి దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి పంపుతో కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడి గుడ్డతో తుడవండి. డ్రమ్ములో జిడ్డు కనిపిస్తే గేరు పెట్టె సీలు కారుతున్నట్టు. అప్పుడు చక్రం బిగించి లాభం లేదు, ముందు సీలు. గేరు నూనె బోల్టు విప్పితే పాల టీ రంగులో వచ్చిందంటే నీళ్లు కలిశాయని. అందులో పట్టేది ఇంచుమించు టీ గ్లాసుడే, మార్చేయండి.

బిగించాక పరీక్షలు. మళ్లీ స్టాండు ఎక్కించి టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక సున్నా ఉండాలి. ఇంజను ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి, రిమ్ము పక్కన ఒక పుల్ల కట్టి ఖాళీ గమనించండి. ఒక చుట్టులో తేడా 2 మి.మీ. దాటకూడదు. బ్రేకు లివరు కొసన ఖాళీ ఆట చాలా బండ్లకు 10 నుంచి 20 మి.మీ. సర్దుబాటు నట్టుకు ఉన్న గాడి వెనక పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. అది సగం ఎక్కి ఉంటే ఇంటి ముందు ఆట సరిగానే కనిపిస్తుంది, మొదటి గట్టి బ్రేకుకు జారిపోతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన 125 సీసీ లోపు బండ్లకు, ఏబీఎస్ లేకుంటే, ఒక లివరు నొక్కితే రెండు చక్రాలూ పట్టే కాంబి బ్రేకు తప్పనిసరి. అలాంటి బండికి వెనకది సర్దితే ముందుదీ చూడాలి. గాలి మరచిపోవద్దు: యాక్టివా వెనక టైరుకు ఒక్కరైతే 29 పీఎస్‌ఐ, ఇద్దరైతే 36.

సైలెన్సరు తిరిగి బిగించేటప్పుడు సిలిండరు దగ్గరి రెండు నట్లూ, పక్క బోల్టులూ ముందు వదులుగా ఎక్కించి, ఆ తర్వాత నట్లు బిగించి, చివర బోల్టులు బిగించాలి. తిరగేసి చేస్తే గొట్టం వంకరగా ఇరుక్కుని చప్పుడు మొదలవుతుంది.

పాత బండి ఉన్నవాళ్లకు లెక్క వేరు. బజాజ్ చేతక్ లాంటి వెస్పా కుటుంబానికి చక్రం 5 స్టడ్డుల మీద కూర్చుంటుంది. లంబ్రెట్టా వంశపు విజయ్ సూపర్‌కు 4. వెస్పా స్టడ్డు నట్లకు బిగింపు 20 నుంచి 27 న్యూటన్ మీటర్లు. 15 సెంటీమీటర్ల పానా కొసన 14 నుంచి 18 కిలోలు. అంతే! దాని మీద కాలు పెట్టి తొక్కే అలవాటు ఎక్కడ మొదలైందో గానీ, 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా ఎక్కితే పడేది 176 న్యూటన్ మీటర్లు. 8 మి.మీ. స్టడ్డు 8.8 గ్రేడుదైనా తట్టుకునేది సుమారు 21,000 న్యూటన్ల లాగుడు, అది 34 దగ్గరే వచ్చేస్తుంది. నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి, రెండు విడతల్లో బిగించాలి. డ్రమ్ము మధ్య పెద్ద నట్టుకు 90 నుంచి 110, దానికి కొత్త స్ప్లిట్ పిన్ను. పిన్ను రంధ్రం కలవలేదని నట్టు వెనక్కి తిప్పకండి, ముందుకు తిప్పడానికే ఆ 20 న్యూటన్ మీటర్ల వెసులుబాటు.

ఈ బండ్లలో ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. రిమ్ము రెండు చెక్కలుగా ఉంటుంది, ఆ చెక్కలను కలిపే నట్లు వేరే ఉంటాయి. చక్రాన్ని డ్రమ్ముకు పట్టించేవి వేరు. ట్యూబులో గాలి ఉండగా చెక్కల నట్లు విప్పితే రిమ్ము విడిపోయి మొహం మీదికి ఎగురుతుంది. పంచరు వేసి తిరిగి కలిపేటప్పుడు కూడా ట్యూబు మధ్యలో నలగకుండా కాస్తే గాలి పెట్టి, చెక్కల నట్లన్నీ బిగిశాకే మిగతా గాలి.

మొదటి నడక సందులో, 10-15 కిలోమీటర్ల వేగంతో, నాలుగైదు సార్లు బ్రేకు పట్టి చూస్తూ సాగాలి. ట్రాము పట్టాలున్న రోడ్డు మీద పరీక్ష వద్దు. కోల్‌కతాలో ట్రాములు నడవని దారుల్లోనూ కొన్ని చోట్ల పట్టాలు ఉన్నాయి. పది అంగుళాల చక్రం వాటి గాడి మీద ఎలాగూ ఊగుతుంది, ఆ ఊగుడు మీ నట్టుదో పట్టాదో తేలదు. 50 కిలోమీటర్లు తిరిగాక అదే త్రాసుతో మళ్లీ లాగి చూడండి. 24 దగ్గర నట్టు కదలకపోతే పని అయినట్టు. కదిలితే బిగించి, ఇంకో 50కి మళ్లీ చూడండి. రెండోసారీ కదిలితే పళ్లు అరిగినట్టే, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

హబ్ మోటారు ఉన్న ఎలక్ట్రిక్ స్కూటరు వెనక చక్రం ఇంట్లో విప్పకండి. పెట్రోలు స్కూటరు విషయంలో నా తీర్పు ఇది: టార్క్ రెంచి గానీ, కొక్కెం త్రాసుతో పాటు అరమీటరు పైపు గానీ లేకపోతే వెనక నట్టు జోలికి పోవద్దు.